మూత తీసి చూచుట

ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు ప్రమాణములను నాలుగు విధములుగా చెప్పిరి. మనలో పెక్కుమంది నిత్యవ్యవహారమున వాడునది కడపటిది మాత్రమే. అంగడివాడు చెప్పెను, అట్టపెట్టెమీద వ్రాసియున్నది, తెరమీద కనబడుచున్నది. ఇక విచారణ యెందుకని యూరకుందుము. కంప్యూటరు విషయమున ఈ యలవాటు ఎంత కీడు చేయునో మా నర్సీపట్నములో ఒక యింట చూచితిని.

ఆ యింటి యజమాని దర్జీ. ఆయన కుమార్తె ఇంటరు ముగించి యానిమేషను నేర్వగోరెను. ఆ పనికి గ్రాఫిక్స్ కార్డు ముఖ్యము. తెరమీది బొమ్మకు వలయు లెక్కలను కట్టునది అదియే. తండ్రి రెండేండ్లు కూడబెట్టిన 18,000 రూపాయలతో విశాఖపట్నమున ఒక పాత కంప్యూటరు కొని తెచ్చెను. అందు ఎన్విడియావారి జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, 4 జీబీ మెమరీతో నున్నదని అంగడివాడు చెప్పెను. తెరమీదను అట్లే కనబడెను. కాని బొమ్మ కొంచెము పెద్దదైనంతనే యంత్రము నిలిచిపోవుచుండెను. ఇంటిల్లిపాదియు పిల్లకే చేతకాదని తేల్చిరి. చదువు మాన్పింపవలెనను మాటయు పుట్టెను.

పిల్ల నాకు చెప్పుకొనగా, మూత తీసి చూడుమంటిని. "ఆడపిల్లవు, అంత ఖరీదు వస్తువు విప్పుతావటే?" అని నాయనమ్మ అడ్డుపడెను. "కుట్టుమిషను మొరాయించినప్పుడు విప్పి నూనె వేయుచున్నది ఈ పిల్లయే గదమ్మా" అంటిని. ఆమె మఱి మాటాడలేదు.

ఈ పరీక్ష కష్టమైనది కాదు. మొదట పెట్టె వెనుకభాగము చూడవలెను. మానిటరు తీగ యూఎస్‌బీ రంధ్రముల సరసనే తగిలించియున్నచో చిత్రము మదరుబోర్డు మార్గమున వచ్చుచున్నదని యర్థము. నిలువు పెట్టెలో, దానికి దిగువను అడ్డముగా నున్న పట్టీలో తగిలించియున్నచో వేఱుగా కార్డు కలదు. ఈ కార్డు పట్టీలో 15 రంధ్రముల నీలిరంగు వీజీఏ ద్వారముండెను. 1050 టీఐ 2016లో వెలువడినది. దాని చిప్పునకు ఆ పాత యనలాగ్ సంకేతము నిచ్చు శక్తి లేదు. ఇది పొగను చూచి నిప్పు నూహించుట వంటిది. అయినను సంకేతమును మార్చు చిప్పును వేఱుగా చేర్చియుండవచ్చును గనుక అంతటితో తీర్పు చెప్పరాదు.

తరువాత కరెంటు తీగ పీకి, స్విచ్చి కొన్ని క్షణములు నొక్కి, చేతనున్న స్థిరవిద్యుత్తు పోవునట్లు పెట్టె లోహమును తాకి, మూత తీయవలెను. కరెంటు నందించు లోపలి పెట్టెను మాత్రము విప్పరాదు. పట్టీ స్క్రూ తీసి, స్లాటు చివరి గొళ్లెము నొక్కినచో కార్డు తిన్నగా పైకి వచ్చును. దాని వెనుక నమూనా పేరు గల చీటీ యుండును. చీటీయు శబ్దమే, ఎవరైనను మార్చి యంటింపవచ్చును. ఫ్యానును, వేడిని పీల్చు లోహపుదిమ్మను విప్పి, ఎండిన పేస్టును మెల్లగా తుడిచినచో చిప్పుమీది యక్షరములు బయటపడును. 1050 టీఐ అయినచో జీపీ107 అని యుండవలెను. పిల్ల తుడిచి చదివినది జీఎఫ్116. అది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ వంటి కార్డులలోని చిప్పు.

మఱి తెర యేల అబద్ధమాడెను? కంప్యూటరు కార్డునే పేరడుగును. కార్డులోని బయాసును తిరుగవ్రాసినవారు నేర్పిన పేరునే కార్డు చెప్పును. ఇట్టి దొంగకార్డులు పెచ్చుపెరుగుటచేతనే, 2018లో జీపీయూ-జెడ్ అను పరీక్షాసాధనమునకు వానిని పసిగట్టు నేర్పును చేర్చిరి.

క్రొత్త పేస్టు పూసి, కార్డును మరల బిగించి, తాను తీసిన ఫోటోలతో ఆ పిల్ల తండ్రి వెంట అంగడికి పోయెను. అంగడివాడు తెరనే చూపి వాదింపబోయెను గాని, చిప్పు ఫోటో చూచిన పిదప కార్డు తీసికొని 6,000 రూపాయలు తిరిగి యిచ్చెను. సొమ్ముకంటె ఘనమైన లాభ మింటిలో కలిగినది. లోపము యంత్రమునందే గాని పిల్లయందు లేదని అందఱును కన్నులార చూచిరి.

యంత్రములు మన యిండ్లలోనికి వచ్చినవి. వానిని విప్పి చూచు ధైర్యము మాత్రము ఇంకను గడప యవతలనే యున్నది. తల్లిదండ్రులారా, మీ యాడుపిల్లల చేతికి స్క్రూడ్రైవరు నిండు. వారు చూచి చెప్పినది వినుడు.