చోటు తప్పా, యంత్రం తప్పా: మా పాత డ్రోన్ కంపాస్ కథ

మన ఇళ్ళల్లో ఇప్పుడు పెళ్ళి ఆల్బం కంటే ఎక్కువగా అడుగుతున్నది ఊరి వీడియో. పుట్టిన ఇల్లు, బావి, పొలం గట్టు పైనుంచి ఎట్లా కనిపిస్తాయో పిల్లలకు చూపించాలని అందరికీ ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేసింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. దాంతో మాలాంటివాళ్ళకు చేతులు మారిన డ్రోన్ కొనడమే తేలిక దారి అయింది. కొన్నాక వచ్చే మొదటి తలనొప్పి మాత్రం చాలామందికి ఒకటే. తెర మీద "కంపాస్ ఎర్రర్, కాలిబ్రేట్ చేయండి" అని ఎర్ర అక్షరాలు. అది చెప్పినట్టు పట్టుకుని గుండ్రంగా తిప్పితే పోతాయి, కాసేపటికి మళ్ళీ వస్తాయి. మేం హుల్సూరులో దీన్ని ఎట్లా తేల్చుకున్నామో రాస్తే ఇంకో ఇంటికి పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

మాకు తొందర ఉండింది. తాత కట్టించిన రాతి ఇంటి పైకప్పు సంక్రాంతి దాటాక దించేయాలని అన్నదమ్ములు మాట్లాడుకున్నారు. దూలాలకు చెదలు పట్టింది, ఇంక నిలవదు. దానికి ముందు ఎళ్ళమావాస్య. బీదర్, కలబుర్గి వైపు లేనివాళ్ళకు ఈ పండుగ అంతగా తెలియకపోవచ్చు. మార్గశిరం చివరి అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ పొలానికి పోయి భజ్జి, సజ్జ రొట్టెలు, అంబలి అక్కడే తింటాం. హైదరాబాద్ నుంచి, షోలాపూర్ నుంచి మనవాళ్ళు వస్తారు. మోకాళ్ళ నొప్పితో పెద్దమ్మ మాత్రం మూడేళ్ళుగా పొలం మొహం చూడలేదు. "బావి కాడి మామిడిచెట్టు ఉందో పోయిందో ఒక్కపారి చూపియ్యిండ్రిరా" అని ఆమె కోరిక. మా చేతిలో పన్నెండు రోజులున్నాయి.

డ్రోన్‌ను పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన దగ్గర కొన్నాం. రెండుసార్లు పడిందనీ, ఒక కాలు, పైమూత మార్పించాననీ ఆయన దాచకుండా చెప్పాడు. తర్వాత మాకు పనికొచ్చింది ఆ మాటే.

ముందు కంపాస్ చేసే పని సంగతి. జీపీఎస్ డ్రోన్‌కు "నువ్వు ఎక్కడున్నావు" అని చెబుతుంది. గాలిలో ఒకేచోట నిలబడి ఉన్నప్పుడు "నీ మొహం ఎటు ఉంది" అని చెప్పేది కంపాసే. గాలి ఒక మీటరు పక్కకు నెట్టిందనుకోండి, డ్రోన్ తిరిగి తన చోటికి రావాలి. తూర్పుకు పోవాలని దానికి తెలుసు, కానీ దాని తూర్పే తప్పు. అందుకని పక్కకు పోతుంది, మళ్ళీ దిద్దుకోబోయి ఇంకా పక్కకు పోతుంది. అట్లా గుండ్రంగా తిరుగుతూ ఆ గుండ్రం పెద్దదవుతూ చివరికి చెట్టుకో తీగకో తగులుతుంది. ఎర్ర అక్షరాలు కనిపించగానే ఎగరెయ్యకూడదని మేం గట్టిగా అనుకున్నది ఇందుకే.

"ఇంకోపాలి తిప్పరాదురా, పోతది" అన్నాడు చిన్నాయన.

"తిప్పితే ఎర్ర అక్షరాలు పోతయి చిన్నాయనా, తప్పు పోదు" అన్నాడు తమ్ముడు. మొత్తం విషయం ఆ మాటలోనే ఉంది. కాలిబ్రేషన్ అంటే డ్రోన్‌ను అన్ని వైపులా తిప్పి, దాని ఒంట్లోనే ఉన్న అయస్కాంతం ఎంతో లెక్కగట్టి తీసేయడం. డ్రోన్‌తో పాటు తిరిగే తప్పునే అది తీయగలదు. నేలలో ఉన్న ఇనుము డ్రోన్‌తో తిరగదు. అట్లాంటి చోట కాలిబ్రేట్ చేస్తే ఆ చోటి తప్పు డ్రోన్ బుర్రలోకి ఎక్కి, మంచి చోటికి పోయినా వెంట వస్తుంది. కాబట్టి ముందు తేల్చాల్సింది తప్పు చోటుదా, యంత్రందా అని.

చోటు సంగతి ఫోన్‌తోనే తెలిసింది. అయస్కాంత బలం చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మన ప్రాంతంలో భూమి బలం సుమారు 42 మైక్రోటెస్లా. కవరుకు అయస్కాంతం ఉంటే తీసేసి, ఫోన్ పట్టుకుని నాలుగు చోట్ల నడిచి చూశాం. కొత్తింటి స్లాబ్ మీద అడుగడుక్కీ అంకె మారింది. ఒకచోట 30, రెండడుగుల అవతల 70. అది లోపలి ఇనుప చువ్వల పని. పాత ఇంటి రాతిగోడకు ఆనిస్తే నాలుగైదు అంకెల తేడా వచ్చింది, నాలుగడుగులు జరిగితే పోయింది. అది నల్లరాయి గుణం. ఈ నేల కింద ఉన్నది దక్కన్ బసాల్టు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా చల్లారినప్పుడు అందులోని మాగ్నటైట్ రేణువులు అప్పటి భూమి ఉత్తరాన్ని పట్టుకుని ఉండిపోయాయి. ఆ కాలంలో భూమి అయస్కాంతం చాలాభాగం ఇప్పటికి తలకిందులుగా ఉండేది. మన ఇంటి గోడల్లో అంత పాత దిక్సూచి ఉందని మాకు అప్పుడే తెలిసింది. సరదాకి అల్మారాలోని బిద్రీ చెంబు పక్కన కూడా ఫోన్ పెట్టి చూశాం. తేడా లేదు. అది జింకు, రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగినది. లోహం ఏదైనా కంపాస్‌ను చెడగొడుతుందని కాదు, చూసుకోవాల్సింది ముఖ్యంగా ఇనుము, అయస్కాంతం, కరెంటు.

చోటు మార్చడం పెద్ద పెద్దవాళ్ళు కూడా చేసిందే. ముంబై కొలాబాలో భూమి అయస్కాంతాన్ని కొలిచే అబ్జర్వేటరీ ఉండేది. ఊళ్ళో ట్రాములకు కరెంటు పెట్టబోతున్నారని దాన్ని అలీబాగ్‌కు తరలించారు. అక్కడ 1904లో కొలతలు మొదలయ్యాయి. మన హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్ఐ వాళ్ళు 1964 నుంచి ఇట్లాంటి అబ్జర్వేటరీ నడుపుతున్నారు, తర్వాత ఊరి బయట చౌటుప్పల్‌లో కూడా ఒకటి పెట్టారు.

మేం పొలానికి పోయాం. బోరు మోటారు, స్టార్టర్ డబ్బా, కరెంటు తీగలకు దూరంగా, కంది కోసిన చెక్కలో ఫోన్ నిలకడగా 42 దగ్గర చూపించింది. అక్కడ కూడా డ్రోన్ ఎర్ర అక్షరాలు చూపించింది. అంటే స్లాబ్ తప్పు ఒకటి ఉన్నా, యంత్రంలో కూడా ఇంకొకటి ఉంది.

యంత్రాన్ని పరీక్షించాలంటే తెలిసిన గీత ఒకటి కావాలి. ఈ బీదర్ నేలకు గీతలు కొత్త కావు. ఎవరెస్టు దేశాన్ని కొలిపించిన కాలంలో, 1841లో బీదర్ దగ్గర నేల మీద ఒక ఆధార రేఖను కొలిచారు. ఆయన 1847లో వేసిన పుస్తకంలోని భూమి చాపం కొలతకు దక్షిణపు కొన దామరగిద్ద. మా గీత అంత గొప్పది కాదు. బావి ఒడ్డు నుంచి వేపచెట్టు దాకా తాడు కట్టి, ఉపగ్రహ మ్యాప్‌లో ఆ గీత ఎన్ని డిగ్రీలో చూసుకున్నాం. మ్యాప్ ఉత్తరానికీ కంపాస్ ఉత్తరానికీ తేడా మన దగ్గర ఒక డిగ్రీ అటూ ఇటూ, కాబట్టి పట్టించుకోలేదు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళకు అది పడమరకు 12 డిగ్రీల పైన, సియాటిల్‌లో తూర్పుకు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ ఆ లెక్క కలపాలి.

చెక్క స్టూలు మీద, రెక్కలు తీసేసి, మోటార్లు ఆపి, డ్రోన్‌ను ఆ గీత ఆధారంగా నాలుగు దిక్కులకు తిప్పి తెర మీది అంకె రాసుకున్నాం. ఉత్తరానికి 22 డిగ్రీలు ఎక్కువ, దక్షిణానికి 20 తక్కువ, తూర్పు పడమరల్లో మూడు డిగ్రీల లోపే. ఈ తీరు చూసే రోగం చెప్పొచ్చు. నాలుగు వైపులా ఒకే తేడా వస్తే కంపాస్ ఉన్న భాగాన్ని వంకరగా బిగించారని అర్థం. ఎదురెదురు దిక్కుల్లో ఎక్కువ, తక్కువ వస్తే డ్రోన్ ఒంట్లో ఎక్కడో అయస్కాంతం పట్టిన ముక్క ఉంది. ఓడల మీది కంపాస్‌లకు నావికులు ఇట్లాగే ఒక్కో దిక్కుకు తేడా రాసుకునేవాళ్ళు.

బడి సామాన్ల దుకాణంలో దొరికే చిన్న దిక్సూచి కొని డ్రోన్ చుట్టూ మెల్లగా జరిపాం. మోటార్ల దగ్గర ముల్లు గిర్రున తిరుగుతుంది. వాటిలో అయస్కాంతాలుంటాయి కాబట్టి అది మామూలే. కానీ పైమూత దగ్గర, కంపాస్ చిప్ ఉన్నచోటే, నాలుగు స్క్రూల్లో రెండింటి వైపు ముల్లు లాగింది. మూత మార్చినప్పుడు అసలు స్క్రూలకు బదులు ఎవరో మామూలు ఇనుప స్క్రూలు బిగించారు. కొనలో అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ తగిలి అవి కూడా అయస్కాంతాలైనట్టున్నాయి. రెండూ విప్పి, మళ్ళీ నాలుగు దిక్కులూ చూశాం. తేడా సగానికి పైగా తగ్గింది. నైలాన్ స్క్రూలు తెప్పించాం. అవి వచ్చేసరికి పండుగకు రెండే రోజులున్నాయి.

తర్వాతి పని వరుసగా చేశాం. డ్రోన్ చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న పలక మీద పెట్టి ముందు ఐఎంయూ కాలిబ్రేషన్. వంపు, తిరుగుడు చెప్పే భాగం అది. అది తప్పుగా ఉంటే కంపాస్ లెక్క కూడా కుదరదు. తర్వాత అదే చెక్కలో, గడియారం, తాళాలు, జేబులో ఫోన్ తీసేసి, కంపాస్ కాలిబ్రేషన్ ఒకేసారి. మళ్ళీ నాలుగు దిక్కులు చూస్తే అన్నీ మూడు డిగ్రీల లోపే. అప్పుడు రెక్కలు పెట్టి, అందరం దూరం జరిగి, మనిషెత్తున రెండు నిమిషాలు నిలబెట్టాం. గుండ్రం తిరగలేదు. కొంచెం పైకి లేపినప్పుడు దిక్కు అంకె మారుతుందేమో కూడా చూశాం. మారితే మోటార్లకు పోయే కరెంటు కంపాస్‌ను తాకుతోందని అర్థం, దాన్ని ఇంట్లో బాగుచేయలేం. మారలేదు.

ఎళ్ళమావాస్య నాడు అందరినీ ఒక పక్కన కూర్చోబెట్టి, మనుషుల తలల మీదికి పోనివ్వకుండా, పొలం మొత్తం తీశాం. మర్నాడు పొద్దున రాతి ఇంటిని, స్లాబ్‌కు దూరంగా పెరట్లోంచి లేపి తీశాం. టీవీలో పెద్దమ్మ చాలాసేపు చూసింది. "చెట్టు ఉంది. దక్షిణం దిక్కు కొమ్మ నరికిన్రు, నాకు చెప్పలే" అంది. ఆ కొమ్మ ఎవరు నరికారన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

గాలిలో ఉండగా కంపాస్ ఎర్రర్ వస్తే తిరిగి వచ్చే బటన్‌ను నమ్మకండి, ఆ బటన్ కూడా అదే దిక్కును నమ్ముతుంది. జీపీఎస్ లేకుండా చేత్తో నడిపే మోడ్ ఉంటే దానికి మారి, ఖాళీ చోట మెల్లగా దించండి. ఆ మోడ్ ముందే అలవాటు చేసుకోవాలి.

కాగితాల సంగతి కూడా వదలొద్దు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉంటుంది, చేతులు మారినప్పుడు డి-3 ఫారంతో దాన్ని కొత్తవాళ్ళ పేరుకు మార్పించుకోవాలి. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. బీదర్‌లో వైమానిక దళం స్థావరం ఉంది కాబట్టి అటువైపు వాళ్ళు మ్యాప్ చూడకుండా బ్యాటరీ కూడా పెట్టొద్దు.

డ్రోన్ పెట్టెలో ఇప్పుడు ఒక చిన్న నోటుబుక్ ఉంది. ఏ రోజు, ఏ చోట, నాలుగు దిక్కుల అంకెలు ఎంత, ఏ భాగం మార్చాం అన్నీ అందులో ఉన్నాయి. విప్పిన రెండు ఇనుప స్క్రూలు కూడా పొట్లం కట్టి పేరు రాసి పెట్టాం. మీ దగ్గర పాత డ్రోన్ ఉంటే, అమ్మినా, మనవాళ్ళకే ఇచ్చినా, అట్లాంటి కాగితం ఒకటి జతచేసి ఇవ్వండి. ఒక కాలు, పైమూత మారాయని ఆయన చెప్పకపోతే మేం పండుగ దాకా దాన్ని తిప్పుతూనే ఉండేవాళ్ళం.