చిన్నదా? ఎదగడం లేదా?

కడుపుతో ఉన్న పిల్ల కనిపిస్తే చాలు, పొట్ట మీద తలా ఓ తీర్పు చెప్పేస్తారు. పెద్దగా ఉంటే కవలలంటారు. చిన్నగా ఉంటే 'ఎనిమిదో నెలంటే ఎవరు నమ్ముతారమ్మా' అంటారు. తెనాలిలో పుట్టింటికి తొలికాన్పుకొచ్చిన ఆ అమ్మాయికీ ఈ మాటలు అలవాటే. 'మా ఇంట్లో ఆడవాళ్లందరివీ చిన్న పొట్టలే' అని తల్లి సర్దిచెప్పేది.

డాక్టరమ్మ చేతిలోని టేపు మాత్రం సర్దుకోలేదు. పొత్తికడుపు ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా కొలిస్తే, 24 వారాలు దాటాక ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు రావాలి. ఆమెకి 34 వారాలు. టేపు 30 దగ్గరే ఆగింది. స్కానింగ్‌లో బిడ్డ బరువు 1,850 గ్రాములని తేలింది. ఆ వయసు బిడ్డల్లో నూటికి తొంభైమంది అంతకంటే బరువుంటారు.

ఇల్లంతా గాభరా. తల్లి అన్నంలో నెయ్యి రెట్టింపు చేసింది. పక్కింటావిడ సెలైన్ ఎక్కించమంది. మంచం దిగొద్దన్నారు ఇంకెవరో. డాక్టరమ్మ వేటికీ ఊ కొట్టలేదు. 'మంచి తిండి అవసరమే. కానీ చాలాసార్లు లోపం తల్లి కంచంలో ఉండదు, బిడ్డకి ఆహారం అందించే మావిలో ఉంటుంది. సెలైన్ సీసాలతో, మంచానికి అతుక్కుపోవడంతో అది బాగుపడుతుందనడానికి ఆధారాల్లేవు' అంది.

'చిన్నగా ఉండటం వేరు, ఎదుగుదల తగ్గడం వేరు' అని కూడా చెప్పింది. తల్లీతండ్రీ పొట్టివాళ్లయితే బిడ్డ చిన్నగా ఉండి కూడా నిక్షేపంగా ఉండొచ్చు. పైగా స్కానింగ్ చెప్పే బరువు నూటికి 10-15 వంతులు అటూ ఇటూ కావచ్చు. అందుకే ఒక్క అంకెతో తేల్చరు. రెండు మూడు వారాల తేడాతో మళ్లీ కొలుస్తారు. మధ్యలో డాప్లర్‌తో బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూస్తారు. ఆ ప్రవాహం మధ్యమధ్యలో ఆగినా, వెనక్కి మళ్లినా ప్రమాదమే.

'ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయండి' అంది తల్లి. 'ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు' అని అత్తగారు ఫోన్లో ఏడ్చింది. ఇద్దరిదీ భయమే. ఆ నెలకి శాపమేమీ లేదు. కాకపోతే, రక్తప్రవాహం బాగున్నంతవరకు కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకి, మెదడుకి లాభమే. డాప్లర్ బాగుంది కాబట్టి ఆగారు. అమ్మాయికి ఒక పని అప్పజెప్పారు... బిడ్డ కదలికల్ని గమనించడం. అవి మందగిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి రావాలి, తెల్లారేదాకా చూడకూడదు.

37 వారాలకి బరువు 2,250 గ్రాములు. ఉమ్మనీరు తగ్గింది. నొప్పులు వచ్చే మందు పెడదామంది డాక్టరమ్మ. నెదర్లాండ్స్‌లో ఇలాంటి 650 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. 36 వారాలు దాటాక మందుతో నొప్పులు తెప్పించినా సిజేరియన్లు పెరగలేదు, బిడ్డలకి అదనంగా కీడూ జరగలేదు.

అమావాస్య వెళ్లాక చూద్దామన్నారు అత్తగారు. ఈసారి అమ్మాయే నోరు విప్పింది. 'అత్తయ్యా, లోపలున్న బిడ్డకి తిథులు తెలీవు. నీరు తగ్గడం తెలుస్తుంది.'

మర్నాడు సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. 2,200 గ్రాములు. చిన్న బిడ్డలకి ఒంట్లో వేడి, రక్తంలో చక్కెర త్వరగా పడిపోతాయి. అందుకే వెంటనే తల్లి గుండెల మీద పడుకోబెట్టారు, గంటలోపే పాలు పట్టించారు, చక్కెర పరీక్షిస్తూ వచ్చారు. తల్లి అలసిపోతే కంగారూలా గుండెకి హత్తుకునే పని అత్తగారు తీసుకున్నారు. అమావాస్య ఎప్పుడు వెళ్లిందో ఎవరూ చూడలేదు.

చెకప్‌కి వెళ్లినప్పుడు బీపీ, బరువు ఎంతని అడుగుతాం. టేపు ఎంత చూపిందో కూడా అడిగి కార్డులో రాయించుకోవాలి. దానికి పైసా ఖర్చు లేదు.