బావకు

రంపచోడవరం

బావా,

నీ ఉత్తరం అందింది. కోవిడ్ వచ్చి తగ్గినప్పటి నుంచి చెల్లెమ్మ దగ్గరికి వెళ్లాలంటేనే భయమేస్తోందని, ఇక మగాణ్ణే కాననిపిస్తోందని రాశావు. ఇన్నాళ్లూ ఆ బాధ కడుపులో ఎలా దాచుకున్నావయ్యా?

ఇది నీ ఒక్కడికే వచ్చింది కాదు. ఆ వైరస్ ఊపిరితిత్తులతో ఆగదు, రక్తనాళాల లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. అంగం గట్టిపడేది రక్తంతోనే కదా. 2021లో అమెరికాలోని మయామీ వైద్యులు, కోవిడ్ తగ్గి నెలలు గడిచిన ఇద్దరి అంగ కణజాలంలో వైరస్ ఆనవాళ్లు చూశారు. ఇద్దరిని చూసి అందరికీ ఇంతే అనలేం. కానీ వైద్యులు దీన్ని వెతికి చూడవలసిన జబ్బుగానే తీసుకున్నారు, సిగ్గుపడే సంగతిగా కాదు. గట్టి జ్వరానికి వీర్యకణాలు కూడా తగ్గుతాయి. కొత్తవి తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. చాలామందిలో మళ్లీ కోలుకుంటాయి.

కోవిడ్ టీకా వల్లేమోనన్న అనుమానం మాత్రం వదిలెయ్. మన దేశంలో సూదులు మొదలైంది 2021 జనవరి 16న. అంతకుముందే మగతనం పోతుందన్న పుకారు పుట్టింది. అది ఒట్టి అబద్ధమని అప్పటి ఔషధ నియంత్రణ అధిపతి వి.జి. సోమానీ చెప్పారు. అమెరికాలో 45 మందిని ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు ముందూ తర్వాతా పరీక్షిస్తే వీర్యకణాలు తగ్గలేదు.

నా దిగులంతా నీ మనసు గురించే. 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకుంటే, వాళ్లలో 1,18,979 మంది మగవాళ్లు. ఆడా మగా మొత్తంలో రోజుకూలీలే 42,004 మంది. పని పోయి, అప్పు పెరిగి, ఎవరికీ చెప్పుకోలేక ఎందరు పోయారో. మందుతో కూడా జాగ్రత్త. 2020లో కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి చచ్చిపోయినవాళ్లు గుర్తున్నారా? నలుగురితో కూర్చుని జీలుగు కల్లు తాగడం వేరు, రాత్రి భయం చంపుకోవడానికి ఒక్కడివే సీసా ఎత్తడం వేరు. ఆ మందే ఉన్న శక్తిని ఇంకా తీసేస్తుంది.

లాడ్జీల్లో మకాం వేసే సెక్స్ స్పెషలిస్టుల దగ్గరికి వెళ్లకు. ముందు షుగరు, బీపీ చూపించుకో. గుండెజబ్బు కూడా ఒక్కోసారి మొదట ఇలాగే బయటపడుతుంది. రాత్రి నిద్ర పట్టకపోతే మానసిక సాయం చేసే 14416 నంబరుకి ఫోన్ చెయ్. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. చెల్లెమ్మతో మాట్లాడు. తనంటే నీకు ఇష్టం పోయిందేమోనని ఆవిడ లోలోపల కుమిలిపోతూ ఉండొచ్చు.

పండక్కి రాగానే ఇక్కడి ఏరియా ఆసుపత్రికి ఇద్దరం వెళదాం. డాక్టరు ముందు నీకు నోరు పెగలకపోతే మొదటి మాట నేను చెబుతాను.

నీ బావ