తప్పు వాడిది, బిల్లు మనది

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు దాటితే కార్ల టింకరింగ్ షెడ్లు వస్తాయి. సుత్తి చప్పుడు, పెయింటు ఘాటు మధ్య ఒక తెల్లకారు నిలబడి ఉంది. డిక్కీ డోరు లోపలికి నొక్కుకుపోయింది. ఓనరుగారు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతున్నారు.

"సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నానండీ. వెనక నుంచి వచ్చి గుద్దాడు. తప్పంతా వాడిదైతే నా ఇన్సూరెన్స్ ఎందుకు వాడాలి?"

"వాడి ఇన్సూరెన్స్ కావాలంటే కోర్టుకెళ్లాలి సార్. అది షెడ్డుకి రాదు" అన్నాడు మేస్త్రి, పుట్టీ కలుపుతూనే.

మేస్త్రి లా చదవలేదు గానీ చెప్పింది నిజమే. అవతలి బండి థర్డ్ పార్టీ పాలసీలో మన కారు నష్టానికీ చోటుంది. ప్రైవేటు కారైతే మామూలుగా 7.5 లక్షల దాకా. కానీ అవతలి కంపెనీ ఒప్పుకోకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేసి, తప్పు వాడిదేనని రుజువు చేయాలి. బంపరు కోసం అన్ని వాయిదాలు తిరిగే ఓపిక ఎవరికుంటుంది? అందుకే సొంత పాలసీ మీదే క్లెయిమ్ పెట్టుకుంటారు.

ఇంతలో ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు మనిషి వచ్చాడు. నష్టం 50 వేలు దాటితే లైసెన్సున్న సర్వేయరే చూడాలి. అంతకు తక్కువైతే ఇలా కంపెనీవాళ్లే చూసుకోవచ్చు. ఛాసిస్ నంబరు, నొక్కులు ఫొటోలు తీసుకున్నాక బంపరు విప్పమన్నాడు. అసలు దెబ్బ అప్పుడు బయటపడింది. లోపలి ఇనుప బారు మధ్యలో వంగిపోయింది. పైకి చూస్తే బంపరు మీద రెండు గీతలే!

"రోడ్డు మీద మూడువేలు పుచ్చుకుని వదిలేస్తారు సార్, ఇక్కడ విప్పాక లబోదిబోమంటారు" అన్నాడు మేస్త్రి.

సొంత క్లెయిముకూ ఖర్చుంది. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో సగం కోత. చిన్నకారుకు ఇంకో వెయ్యి మన వాటా. నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉన్నవాళ్లకు అది సున్నా అవుతుంది. మళ్లీ 50కి చేరాలంటే ఏడాదికొకటి చొప్పున 20, 25, 35, 45 మెట్లెక్కాలి, అంటే ఐదేళ్లు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8 వేల దగ్గరే ఉందనుకుంటే ఈ ఐదేళ్లలో పోయేది పదివేలు. నాలుగైదు వేల పనికి క్లెయిమ్ పెట్టడం దండగ. నష్టం ఎవరివల్లో చూడకుండా బోనస్ కోసేయడం మాత్రం నాకు అన్యాయంగానే తోచింది.

గుద్దినవాడి నంబరు ప్లేటు, రెండు బళ్లూ ఉన్న తీరు అక్కడికక్కడే ఫొటో తీసుకోండి. బండి నంబరుతో ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో తెలుస్తుంది. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. పోలీసు కేసు పెట్టించి ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సిందే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ అందుకు పెట్టిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానిమీద పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది తేలేదాకా ఆగకుండా, ఆ ఆరు నెలల్లోపే దరఖాస్తు పెట్టేయండి.