నింద మేనేజర్‌ ఒక్కడికేనా?

2011 బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు మాట వస్తే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. సెప్టెంబర్ మొదట్లో ప్లేఆఫ్ స్థానం కోసం పోటీలో టాంపా బే కంటే 9 ఆటలు ముందున్నారు. ఆ నెలలో గెలిచినవి 7, ఓడినవి 20. చివరి రాత్రి బాల్టిమోర్‌లో ఇంకొక్క అవుట్ చాలు. మన పిచ్చర్ పాపెల్‌బాన్ వరసగా రెండు డబుల్స్ ఇచ్చాడు. బాల్టిమోర్ ఆటగాడు ఆండీనో కొట్టిన బంతి మన ఫీల్డర్ క్రాఫర్డ్ గ్లవ్‌కి అందినట్టే అంది జారిపోయింది. కాసేపటికే ఇంకో మైదానంలో టాంపా బేని గెలిపిస్తూ లాంగోరియా హోమ్ రన్. అంతే, సీజన్ అయిపోయింది.

రెండు రోజులకే మేనేజర్ ఫ్రాంకోనా బయటికి. 86 ఏళ్ల టైటిల్ కరువు తీర్చిన మనిషి! పిచ్చర్లు ఆట జరుగుతుండగా క్లబ్‌హౌస్‌లో బీరు, చికెన్‌తో కూర్చున్నారని పేపర్లు ఏకిపారేశాయి. అది తప్పే, కాదనను. కానీ పిచ్చర్లలో మత్సుజాకాకి మోచేతి ఆపరేషన్, బుక్‌హోల్ట్స్‌కి నడుము నొప్పి, ఇద్దరూ జూన్ నుంచే లేరు. ఆ లోటు సరిగ్గా పూడ్చనందుకు నేను ముందు నిలదీసేది ఆటగాళ్లను కొనే ఆఫీసునే.

మేనేజర్‌ని మార్చారు కదా, మరుసటి ఏడాది 93 ఓటములు. ఫ్రాంకోనా మాత్రం 2013లో క్లీవ్‌లాండ్‌ని నిలబెట్టి అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అయ్యాడు.