పదకొండు క్లబ్బులు... ఒకటే ఊరు

ఇంగ్లిషులో రాస్తే ఎనిమిది అక్షరాలు. పలికితే మాత్రం రెండే... టాలా! ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు నైరుతి కొసన, కొండల కింద ఉందా ఊరు. అక్కడి ఇళ్ల మధ్య గడ్డిలో బంతి తన్నుకుంటూ పెరిగిన ఓ కుర్రాడు ఐదు దేశాల్లో పదకొండు క్లబ్బులకు ఆడాడు. చివరికి మన కోల్‌కతాకీ వచ్చాడు. పేరు రాబీ కీన్. అతని కథ తెలియాలంటే ముందు ఆ ఊరు చూడాలి.

డబ్లిన్ నడిబొడ్డున అబ్బే స్ట్రీట్‌లో ట్రామ్ ఎక్కితే ముప్పావు గంటలో టాలా వచ్చేస్తుంది. ఆ ట్రామ్ పేరు లూవస్. ఐరిష్ భాషలో ‘వేగం’ అని అర్థం. లిఫీ నది ఒడ్డు వదిలి, పాత కాలువ పక్కగా సాగి, ‘రెడ్ కౌ’ అనే స్టాపు దాటాక ఎదురుగా కొండలు కనిపించడం మొదలవుతుంది. ఎర్ర లైనులో ఆఖరి స్టాపు టాలా. దిగగానే ఓ పక్క పెద్ద షాపింగ్ సెంటర్, మరో పక్క ఆసుపత్రి. నాలుగడుగులు వేస్తే ఫుట్‌బాల్ స్టేడియం. ఎటు చూసినా ఒకే తీరున వరుసలు తీరిన ఇళ్లు. వాటి వెనకాల పచ్చటి డబ్లిన్ కొండలు.

ఇంత సందడిగా ఉన్న ఊరి పేరుకు అర్థం వింటే ఒళ్లు జలదరిస్తుంది. ‘మహమ్మారికి బలైనవారి సమాధులు’ అని! పూర్వం పార్థలోన్ అనే నాయకుడి వెంట వచ్చిన తొమ్మిది వేల మంది వారం రోజుల్లో తెగులుకు బలయ్యారనీ, వాళ్లను ఇక్కడే పాతిపెట్టారనీ ఐరిష్ పురాణం చెబుతుంది. ఎనిమిదో శతాబ్దంలో సెయింట్ మేల్రువాన్ ఇక్కడ మఠం కట్టాడు. ఆయన పేరిట ఉన్న చర్చి ఆవరణలో పాత గోపురం ఇప్పటికీ కనిపిస్తుంది.

ముందు ఇళ్లు... తర్వాత ఊరు

1960ల వరకూ టాలా ఓ పల్లె. జనం రెండు మూడు వేలకు మించరు. డబ్లిన్ నగరం ఇరుకైపోతోందని 1967లో ప్రభుత్వం కొత్త పట్టణాల ప్రణాళిక వేయించింది. అందులో టాలా ఒకటి. అంతే... పొలాలు పోయాయి, ఇళ్లు లేచాయి. నగరంలోని పాత వాడల్లోంచి కుటుంబాలు తరలివచ్చాయి. ఇప్పుడు జనాభా దాదాపు 80 వేలు!

అయితే వచ్చినవాళ్లకు ఇల్లు దొరికింది కానీ ఊరు దొరకలేదు. దుకాణాలు తక్కువ, బస్సులు తక్కువ, పెద్దాసుపత్రి లేదు. 1980ల్లో ఐర్లండ్ అంతటా నిరుద్యోగం. ఆ దెబ్బ ఇలాంటి కొత్త కాలనీల మీద మరీ గట్టిగా పడింది. ఐర్లండ్ తల్లిదండ్రులకు అలవాటైన బాధే మళ్లీ ఎదురైంది... ఎదిగిన పిల్లల్ని ఓడెక్కించి ఇంగ్లండ్‌కో అమెరికాకో పంపడం.

అలాంటి రోజుల్లో, 1980 జులై 8న పుట్టాడు రాబీ కీన్. ఆ కాలనీల్లో ఖరీదు లేకుండా దొరికే ఆట ఒక్కటే. ఇళ్ల మధ్య వదిలేసిన గడ్డి జాగా, ఒక బంతి ఉంటే చాలు. ఊళ్లోని ఫెటర్‌కెయిర్న్ క్లబ్బులో ఆడి, తర్వాత పక్కనున్న క్రమ్లిన్ యునైటెడ్‌కు వెళ్లాడు. ప్రత్యర్థి గోల్‌కు దగ్గర్లో మాటువేసి గోల్ కొట్టడమే పనిగా ఆడేవాణ్ని ఫార్వర్డ్ అంటారు. ఈ బక్కపలచని కుర్రాడికి ఆ విద్య చిన్నప్పుడే పట్టుబడింది.

అప్పట్లో టాలాలో ఐర్లండ్ లీగ్‌లో ఆడే క్లబ్బు ఒక్కటీ లేదు. బాగా ఆడే కుర్రాడి కళ్లు సముద్రం అవతలే ఉండేవి. కీన్ కూడా మీసాలు రాని వయసులోనే ఇంగ్లండ్ బయల్దేరాడు. పెద్ద పెద్ద క్లబ్బులు ఆసక్తి చూపినా, త్వరగా మొదటి జట్టులో చోటు దొరుకుతుందని వుల్వర్‌హాంప్టన్‌ను ఎంచుకున్నాడు. లెక్క తప్పలేదు. 1997 ఆగస్టులో నార్విచ్‌పై తొలి మ్యాచ్. వయసు పదిహేడు. కొట్టిన గోల్స్ రెండు!

ఇక్కడి నుంచి కుర్రాడూ, ఊరూ పోటీపడి ఎదిగినట్టు ఉంటాయి తేదీలు. 1998 మార్చిలో చెక్ రిపబ్లిక్‌పై కీన్ ఐర్లండ్ జెర్సీ తొలిసారి వేసుకున్నాడు. ఆ ఏడాదే టాలాకు పెద్దాసుపత్రి వచ్చింది. 2004 సెప్టెంబర్ 26న ఎర్ర లైను ట్రామ్ పరుగు మొదలైంది. మూడు వారాలు తిరక్కుండానే కీన్ తన 22వ గోల్‌తో, ఐర్లండ్ తరఫున ఎక్కువ గోల్స్ కొట్టిన నియల్ క్విన్ రికార్డును దాటేశాడు.

సూట్‌కేసు విప్పేలోపే...

పందొమ్మిదేళ్లకు కొవెంట్రీ క్లబ్బు 60 లక్షల పౌండ్లు పోసి అతన్ని కొనుక్కుంది. బ్రిటన్‌లో ఓ టీనేజ్ ఆటగాడికి అంత డబ్బు పెట్టడం అదే మొదలు. ఏడాది తిరిగేసరికి ఇటలీలోని ఇంటర్ మిలాన్ 1.3 కోట్ల పౌండ్లతో ముందుకొచ్చింది. టాలా కుర్రాడు మిలాన్‌లో అడుగుపెట్టాడు. కానీ అతన్ని కోరి తెచ్చుకున్న కోచ్ మార్సెల్లో లిప్పీ పదవి కొన్ని వారాల్లోనే ఊడింది. కొత్త కోచ్ లెక్కల్లో కీన్ లేడు. ఇరవయ్యేళ్ల వయసులో, భాష రాని దేశంలో, బెంచీ మీద కూర్చున్నాడు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ ఇంగ్లండ్... ఈసారి లీడ్స్. అక్కడ ఆట బాగానే ఉంది, క్లబ్బే అప్పుల్లో కూరుకుపోయింది. 2002లో అతన్ని 70 లక్షల పౌండ్లకు లండన్‌లోని టోటెన్‌హామ్‌కు అమ్మేసింది.

టోటెన్‌హామ్‌లో మాత్రం కాలు నిలిచింది. రెండు దఫాలుగా ఆడి ఆ క్లబ్బుకు 122 గోల్స్ కొట్టాడు. 2008లో వెంబ్లీలో చెల్సీని ఓడించి లీగ్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంగ్లండ్‌లో అతనికి దక్కిన పెద్ద ట్రోఫీ అదొక్కటే.

అదే వేసవిలో లివర్‌పూల్ నుంచి పిలుపు. చిన్ననాటి కల నిజమైందన్నాడు. ఆ కల ఆరు నెలల్లోనే చెదిరింది. 28 మ్యాచ్‌లు, 7 గోల్స్... మళ్లీ టోటెన్‌హామ్‌కే! 2010లో స్కాట్లండ్‌లోని సెల్టిక్‌కు వెళ్లినప్పుడూ చిన్నప్పటి అభిమానమే అన్నాడు. కీన్ ఏ క్లబ్బుకు వెళ్లినా అది చిన్ననాటి కలేనా అని అభిమానులు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, టాలా చూసినవాళ్లకు అందులో నిజం తెలుస్తుంది. డబ్లిన్ పిల్లలు టీవీలో ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆటలు చూస్తూ పెరిగారు. ఊళ్లో క్లబ్బు లేని పిల్లాడికి దూరపు క్లబ్బులన్నీ సొంత క్లబ్బులే కదా!

జెర్సీలు ఎన్ని మారినా ఒక్క రంగు మారలేదు. అది ఐర్లండ్ ఆకుపచ్చ. 2002 జూన్ 5న జపాన్‌లోని ఇబరాకిలో ప్రపంచకప్ మ్యాచ్. క్లోజ గోల్‌తో జర్మనీ 1-0 ఆధిక్యంలో ఉంది. తొంభై నిమిషాలూ అయిపోయాయి. 92వ నిమిషంలో పొడుగరి నియల్ క్విన్ తలతో తోసిన బంతి కీన్ ముందు పడింది. ఎదురుగా ఆలివర్ కాన్ అంతటి గోల్‌కీపర్. కీన్ తన్నిన బంతి అతని చేతిని తాకి, స్తంభానికి తగిలి లోపలికి దూసుకెళ్లింది. ఫైనల్ చేరేదాకా ఆ టోర్నీలో జర్మనీపై పడిన గోల్ అదొక్కటే! కీన్ గోల్ కొడితే పిల్లిమొగ్గ వేసి, నేల మీద దొర్లి, లేచి బాణం వేసినట్టు అభినయించేవాడు. టాలా వీధుల్లో పిల్లలంతా అదే చేయబోయారంటే ఆశ్చర్యం ఏముంది?

అన్నట్టు, ఆ ప్రపంచకప్ ముందు కోచ్‌తో గొడవపడి ఇంటికెళ్లిపోయిన కీన్ వేరు. అతను రాయ్ కీన్, కార్క్ నగరం వాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు.

సాగనంపిన ఊరికి స్టేడియం

టాలాలో స్టేడియం కథ కూడా కీన్ ప్రయాణమంత మలుపులు తిరిగింది. షామ్‌రాక్ రోవర్స్ అనే పేరున్న పాత క్లబ్బు 1987లో మిల్‌టౌన్‌లోని సొంత మైదానాన్ని పోగొట్టుకుంది. ఇరవై రెండేళ్లు అద్దె మైదానాల్లో తలదాచుకుంది. టాలాలో స్టేడియం కట్టడం 2000లో మొదలుపెట్టింది కానీ మధ్యలో డబ్బు అయిపోయింది. సగం కట్టిన స్టాండ్ ఏళ్ల తరబడి మొండిగోడలా నిలబడిపోయింది. స్థానిక కౌన్సిల్ పూనుకున్నాక మరో చిక్కు. ఐర్లండ్‌లో చేతులతోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్‌కు ఆదరణ ఎక్కువ. మైదానం ఆ ఆటకూ సరిపోయేలా కట్టాలని ఊళ్లోని థామస్ డేవిస్ గేలిక్ క్లబ్బు కోర్టుకెళ్లింది. ఆ కేసు తేలాక, 2009 మార్చిలో గేట్లు తెరుచుకున్నాయి. అదే ఏడాది జులైలో రియల్ మాడ్రిడ్ స్నేహపూర్వక మ్యాచ్‌కు వచ్చింది. క్రిస్టియానో రొనాల్డో ఆ జట్టు తరఫున తొలిసారి మైదానంలో దిగింది ఈ టాలాలోనే!

కీన్ మాత్రం అప్పటికి చాలా దూరం వెళ్లిపోయాడు. 2011లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ గెలాక్సీకి మారాడు. అక్కడ అతని దశ తిరిగింది. 2011, 2012, 2014ల్లో లీగ్ ట్రోఫీలు. 2014 ఫైనల్లో అదనపు సమయంలో గెలుపు గోల్ అతనిదే. ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడూ అతనే. 2015 ఫిబ్రవరిలో గెలాక్సీ జట్టు రోవర్స్‌తో ఆడేందుకు టాలాకు వచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో లేని స్టేడియంలో, ముప్పై నాలుగేళ్ల కీన్ అతిథి జట్టు జెర్సీతో దిగాడు. సొంతూళ్లో అతిథి!

2016 ఆగస్టు 31న డబ్లిన్‌లో ఒమన్‌పై ఆడి ఐర్లండ్ జెర్సీకి వీడ్కోలు పలికాడు. చివరి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టాడు. మొత్తం 146 మ్యాచ్‌లు, 68 గోల్స్. రెండో స్థానంలో ఉన్న క్విన్ గోల్స్ 21 అంటే తేడా అర్థమవుతుంది.

చివరి మజిలీ మన దేశం. 2017లో, ముప్పై ఏడేళ్ల వయసులో ఇండియన్ సూపర్ లీగ్‌లోని కోల్‌కతా జట్టు ఏటీకేలో చేరాడు. సీజన్ కలిసిరాలేదు. కోచ్‌లు మారారు. ఆఖరికి 2018 మార్చిలో ఆటగాడిగా ఉంటూనే కోచ్ బాధ్యతా తీసుకున్నాడు. పది జట్లలో ఏటీకేది తొమ్మిదో స్థానం. ఆ ఏడాది నవంబరులో ఆటకు గుడ్‌బై చెప్పి శిక్షకుడయ్యాడు. డబ్లిన్ నుంచి కోల్‌కతా దారి అతనితోనే మొదలు కాలేదు. మదర్ థెరిసా 1928లో సన్యాసినిగా చేరి ఇంగ్లిషు నేర్చుకున్నది టాలాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని రాత్‌ఫార్నమ్‌ లొరెటో ఆశ్రమంలోనే. అక్కణ్నుంచే ఆమె మన దేశానికి ఓడెక్కింది.

కొండలోయలో ఓ కథ

టాలా వెళ్లినవాళ్లు దక్షిణాన ఉన్న గ్లెనస్మోల్ లోయ చూడకుండా రాకూడదు. డోడర్ నదిపై కట్టిన బోహర్‌నబ్రీనా జలాశయాలు, పక్షుల కూతలు, నడక దారులు. ఆషీన్ కథ ఇక్కడిదే అంటారు. మరణంలేని లోకానికి వెళ్లిన ఆ వీరుడు మూడొందల ఏళ్ల తర్వాత ఊరి మీద బెంగతో గుర్రమెక్కి వచ్చాడట. నేల మీద కాలు పెట్టొద్దని భార్య హెచ్చరించింది. ఈ లోయలో బండ ఎత్తలేక అవస్థపడుతున్నవాళ్లకు సాయం చేయబోయి, గుర్రం మీంచి జారి నేల తాకాడు. అంతే, మరుక్షణం పండు ముసలివాడైపోయాడు. వెళ్లినవాడు తిరిగొస్తే ఊరు అతను వదిలినట్టు ఉండదన్న బెంగ ఐర్లండ్‌లో ఎంత పాతదో ఈ కథ చెబుతుంది.

ఇప్పుడు పరిస్థితి మారింది. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చాక, 2021 నుంచి ఐర్లండ్ కుర్రాళ్లను పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇంగ్లండ్ క్లబ్బులు తీసుకోవడానికి వీల్లేదు. ఈ నిబంధన 1997లోనే ఉంటే నార్విచ్‌పై ఆ రెండు గోల్స్ ఉండేవి కావు. నష్టమేనా అంటే, రెండు వైపులా చూడాలి. కీన్‌లా నెగ్గినవాళ్ల పేర్లే లోకానికి తెలుసు. చదువు మధ్యలో ఆపి వెళ్లి, ఇరవై ఏళ్లయినా నిండకుండానే క్లబ్బు వద్దంటే తిరుగు ఓడెక్కిన పిల్లలు ఎందరో. వాళ్ల పేర్లు ఏ రికార్డుల్లోనూ ఉండవు. ఇప్పుడు ఆ రెండు మూడేళ్లూ పిల్లలు అమ్మ వండింది తిని, స్థానిక క్లబ్బుల్లోనే రాటుదేలాలి. కానీ అంతమందికి శిక్షణ ఇవ్వాలంటే మైదానాలు కావాలి, కోచ్‌లు కావాలి, వాటికి డబ్బు కావాలి. ఐర్లండ్ ఫుట్‌బాల్ ముందున్న అసలు పరీక్ష అదే.

ఫిబ్రవరి నుంచి శరదృతువు దాకా సాగే ఐర్లండ్ లీగ్‌లో మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం సాయంత్రాలే. ఆ రోజు ట్రామ్ దిగితే ఆకుపచ్చ తెలుపు కండువాల వెనకే నడిస్తే చాలు, స్టేడియం వచ్చేస్తుంది. తండ్రుల చేతులు పట్టుకుని నడిచే పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో ఎవరైనా రేపు సముద్రం దాటి వెళ్లొచ్చు. వెళ్లినా, చిన్ననాటి కల ఏ క్లబ్బని అడిగితే వెతుక్కోనక్కర్లేదు. అది వాళ్ల ఊళ్లోనే ఉంది.