సుపీరియరు సరస్సు తీరమున

మా పెద్దమ్మాయికి నెలలు నిండవచ్చుచుండగా, ఒక ఏప్రిలు మాసమున మేము దంపతుల మిరువురమును పురుడు పోయుటకై అమెరికాకు ప్రయాణమైతిమి. అమ్మాయియు అల్లుడును మిన్నెసోటా రాష్ట్రములోని డులూత్ నగరమున కాపురముందురు. మేము నరసాపురము విడిచిన దినమున మా పెరటి మామిడికాయలు కోతకు సిద్ధముగా నుండెను. ఇరుగుపొరుగువారు ఆవకాయకు జాడీలు కడిగి ఎండబెట్టుకొనుచుండిరి. డులూత్ చేరునప్పటికి అచ్చట ఇండ్ల వెనుక నీడపట్టున మంచుకుప్పలు ఇంకను కరగలేదు. చెట్లకు ఒక్క ఆకైనను లేదు. "వసంతము వచ్చినదమ్మా!" అని మా అమ్మాయి సంతోషముతో చెప్పగా, మేము శాలువలు మఱింత గట్టిగా కప్పుకొంటిమి.

ఆ నగరము కొండవాలున కట్టబడినది. పై వీధులలో నిలిచి చూచినచో క్రింద నీలవర్ణమున సుపీరియరు సరస్సు కానవచ్చును. ఆవలి యొడ్డు కంటికి కానరాని దానిని సరస్సనుట మాకు వింతగా తోచెను. దాని వైశాల్యము 82,100 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో ఇంచుమించు సగము. మిక్కిలి లోతైన చోట 406 మీటర్ల లోతు కలదు. భూమిపైనున్న మంచినీటి సరస్సులలో వైశాల్యమున ఇదియే పెద్దది. ఆ తీరమున అనాదిగా నివసించుచున్న ఓజిబ్వే జాతివారు దీనిని 'గిచిగామి' యందురు. మహాజలమని దాని భావము.

గోదావరి యొడ్డున పుట్టి పెరిగిన మాకు, చూలింతరాలికి చేపల పులుసు పెట్టనిది మనసు నిలువదు. అమ్మాయి యింటనో, అంగడినుండి తెచ్చిన గడ్డకట్టిన చేపముక్కలు తప్ప వేఱు లేవు. "ఇంత నీరు ఇంటి ముంగిట పెట్టుకొని అంగడి చేప తినుటయా?" అని మే మాక్షేపించితిమి. మా అల్లునికి సెలవుదినములలో గాలము వేయు నలవాటు కలదు. అతడు నవ్వి, "అత్తయ్యగారూ, చేప వచ్చునని మాట ఇయ్యలేను. చలి మాత్రము తప్పక వచ్చును. సిద్ధమైనచో శనివారము పోదము" అనెను.

అచ్చట ఊరక పోయి గాలము వేయుటకు వీలులేదు. పదునాఱేండ్లు నిండినవారు ప్రభుత్వమునకు రుసుము చెల్లించి అనుమతిపత్రము తీసికొనవలెను. ట్రౌట్ చేపకై మఱియొక ముద్ర ప్రత్యేకముగా కొనవలెను. మావారి పేర ఆ రెండును తీసికొంటిమి. శుక్రవారము రాత్రి మా అల్లుడు ఎఱ సిద్ధపఱచుచుండ మేమును తోడ్పడితిమి. చేపగ్రుడ్లను సన్నని వలగుడ్డలో గోలీకాయంత మూటలుగా కట్టుట యొక పని. రెండవది మఱియు వింత. వానపామును గాలమునకు గ్రుచ్చి, దాని ప్రక్కన మార్ష్‌మాలో అను తెల్లని తీపి ముద్ద నొకదానిని గ్రుచ్చెదరు. అది తేలిక గనుక ఎఱను నేల నంటనీయక కొంచెము పైకి తేల్చి యుంచునట. పిల్లలు తిను మిఠాయి చేపకు వలయగుట చూచి మాకు నవ్వాగలేదు.

తెల్లవారకమునుపే లెస్టరు నది సరస్సులో కలియు చోటికి చేరితిమి. తీరమంతయు గులకఱాళ్లు. వాటి నడుమ పేలికలవంటి మంచుపలకలు తేలుచుండెను. నీటిలో చేయి పెట్టి చూడబోగా మా అల్లుడు వారించి, "ఈ నీటి వేడిమి మూడు నాలుగు సెంటిగ్రేడు డిగ్రీలకు మించదు. ఇందులో పడినవారికి ఊపిరి పట్టివేయును. రాళ్లు జాఱును, దూరముగా నుండుడు" అని చెప్పెను. పది పండ్రెండు మంది అప్పటికే తమ తమ గాలపుకఱ్ఱలను నేలలో పాతిన గొట్టములలో నిలిపి, కుర్చీలలో కూర్చుండిరి. కొందఱు కఱ్ఱ చివర చిన్న గంట కట్టిరి. చేప లాగినచో గంట మ్రోగును. అంతవఱకు చేతులు జేబులలో నుంచుకొనవచ్చును.

వేసవిలో సరస్సు నడుమకు పోవు చేపలు వసంతారంభమున ఒడ్డున కేల వచ్చునని మావారు ప్రశ్నించిరి. మంచు కరగి నదులు పొంగునపుడు ఆ నదీజలము సరస్సు నీటికంటె కొంచెము వెచ్చగా నుండును. నదీజలము తేనీటివలె గోధుమవన్నెగాను, సరస్సు నీరు స్వచ్ఛముగాను ఉండుటచే రెండును కలియు చోట ఒక గీత స్పష్టముగా కానవచ్చును. ఆ గీతను పట్టి చేపలు తిరుగును. వాటిలో ముఖ్యమైనది స్టీల్‌హెడ్ అను ట్రౌట్. ఇది పసిఫిక్ మహాసముద్ర తీరపు జాతి. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున ఈ సరస్సునకు తెచ్చి విడిచిరి. ఇది సరస్సులో పెరిగి, వసంతమున నది కెదురీది గ్రుడ్లు పెట్టి, మఱల సరస్సునకు వచ్చును. ఈ సరస్సునకు సహజమైన లేక్ ట్రౌట్ వేఱు. అది శరత్కాలమున రాతినేలలపై గ్రుడ్లు పెట్టును.

రెండు గంటలు గడచెను. పాదములు మావియో కావో తెలియకుండెను. అంతలో మా గంట గణగణ మ్రోగెను! మావారు కుర్చీ తన్నుకొని లేచి కఱ్ఱ పట్టిరి. చేప రెండుమార్లు నీటిపైకెగిరి, వెండిరేకువలె మెఱసెను. పావుగంట పెనుగులాటపై ఒడ్డు చేరెను. రెండడుగుల పొడవు, లేత గులాబి చాఱ. మా మనసున పులుసు ఉడుకనే ఉడికెను. మా అల్లుడు వంగి దాని వీపు చూచి, "మామయ్యగారూ, దీనిని వదలవలెను" అనెను.

వీపు రెక్కకును తోకకును నడుమ ఈ జాతికొక చిన్న మెత్తని రెక్క యుండును. ప్రభుత్వపు కేంద్రములలో పెంచి విడుచు పిల్లలకు ఆ చిన్న రెక్కను ముందే కత్తిరింతురు. రెక్క లేని చేపను, 16 అంగుళములకు తక్కువ కానిచో, ఇంటికి తీసికొనిపోవచ్చును. రెక్క యున్నది నదిలో సహజముగా పుట్టినది. దానిని తప్పక విడువవలెను. ఆ తీరపు నదులలో జలపాతములు సరస్సునకు చేరువనే యుండుటచే చేప గ్రుడ్లు పెట్టదగిన చోటు కొంచెమే. అందుచే అట్టి చేపల సంఖ్య తగ్గిపోగా ఈ నియమము పెట్టిరి. మా అల్లుడు చేతులు తడిపికొని, చేపను నీటిలోనే పట్టి, గాలమూడదీసెను. అది ఒక క్షణము కదలక నిలిచి, తోక విదిల్చి పోయెను.

దాచనేల? మాకు కోపము వచ్చెను. "చూచువాడెవడు బాబూ? కడుపుతోనున్న పిల్లకు కదా!" అని యంటిమి. అతడేమియు బదులాడలేదు. ప్రక్క కుర్చీలోని వృద్ధురాలు మా మొగము చూచి సంగతి గ్రహించి, తన ఫ్లాస్కులోని వేడి కాఫీ పోసి యిచ్చి, మాటలలోనికి దిగెను. ఆమె తాత నార్వే దేశమునుండి వచ్చి అచ్చట చేపల వృత్తిలో స్థిరపడెనట; తండ్రిదియు అదే వృత్తి. "నా చిన్నతనమున మా తండ్రి వల తీసినపుడు లేక్ ట్రౌటుల ఒడలిపై గుండ్రని పుండ్లుండెడివి. కొన్నియేండ్లకు పుండ్లున్న చేపలును రాలేదు. వలలు కొట్టములో వ్రేలాడినవి. మా తల్లి పట్టణమున బట్టలుతుకు పనికి కుదిరెను" అని చెప్పెను.

ఆ పుండ్ల కథ మా అల్లుడు తరువాత వివరించెను. లాంప్రే అనునది అట్లాంటిక్ సముద్రపు ప్రాణి. పామువంటి దేహము, దవడలు లేని గుండ్రని నోరు, వలయములుగా పండ్లు. జలగవలె చేప కంటుకొని రక్తము పీల్చును. ఒక్కొక్కటి తన జీవితకాలమున 18 కిలోల వఱకు చేపలను చంపగలదు. నయాగరా జలపాతము అడ్డుగా నున్నంతకాలము ఇది పై సరస్సులకు రాలేకపోయెను. ఓడల సౌకర్యమునకై ఆ జలపాతమును తప్పించుచు 1829లో వెలండు కాలువ తెఱచిరి. ఓడల బాటయే లాంప్రేకును బాటయయ్యెను. 1921లో ఈరీ సరస్సున, 1938లో సుపీరియరున అది కానవచ్చెను. అప్పటికే మితిమీఱి పట్టుటచే తగ్గుచున్న లేక్ ట్రౌట్, ఈ రెండవ దెబ్బతో 1960 ప్రాంతమునకు క్షీణించిపోయెను.

1955లో అమెరికా, కెనడా దేశములు కలసి సరస్సుల మత్స్యసంరక్షణకొక సంఘము నేర్పఱచినవి. ఇంచుమించు 6,000 రసాయనములను పరీక్షించిన పిమ్మట, లాంప్రే పిల్లలను చంపి తక్కిన చేపలకు అంతగా హాని చేయని మందొకటి దొరకెను. 1958 నుండి దానిని నదులలో వేయుచున్నారు. 2020, 2021లలో మహమ్మారి కారణముగా ఆ పని కుంటుపడగా లాంప్రేలు మఱల పెరిగినవి. అయినను, సుపీరియరులో అధికభాగమున లేక్ ట్రౌట్ పూర్తిగా కోలుకొన్నదని 2024 నవంబరులో ఆ సంఘము ప్రకటించెను. చెడుటకు ఇరువదియేండ్లు చాలెను. బాగుపడుటకు అఱువదియేండ్లు పట్టెను.

రెండవ శనివారము వట్టిచేతులతో వచ్చితిమి. మూడవ శనివారము రెక్క లేని చేప పడెను, 18 అంగుళములు! విజయముతో ఇల్లు చేరి, "నీ కొఱకే తల్లీ, కడుపునిండ తిను" అని పళ్లెములో పెట్టి చూపితిమి. మా అమ్మాయి మందహాసము చేసి, వైద్యశాలలో తనకిచ్చిన కాగితము తెచ్చి మా చేతిలో నుంచెను. ఏ చేప, ఎంత కొలతది, గర్భిణులు నెలకెన్ని మార్లు తినవచ్చునో అందులో పట్టిక వేసియున్నది.

బొగ్గు కాల్చిన పొగలోని పాదరసము గాలితో వచ్చి నీట పడును. సూక్ష్మజీవులు దానిని మార్పుచేయగా అది చిన్న చేపలకు, వాటిని తిన్న పెద్ద చేపలకు ఎక్కును. చేప యెంత పెద్దదో, యెంత ముదురుదో, అందు పాదరసమంత ఎక్కువ. తల్లి తిన్నది గర్భస్థ శిశువు మెదడునకు సోకును. సుపీరియరు పరిసరములలోని 1,465 మంది నవజాత శిశువుల రక్తమును పరీక్షింపగా, నూటికి ఎనమండుగురిలో పాదరసము హద్దు మీఱి యున్నదని 2011లో తేలెను. ఎంత కడిగినను, ఎంత ఉడికించినను పాదరసము పోదు. అది మాంసములోనే యుండును. పీసీబీలను మఱియొక జాతి విషములు క్రొవ్వులో చేరును. కావున చర్మమును క్రొవ్వును తీసివేసినచో అవి కొంత తగ్గును. ఆ పీసీబీల తయారీని అమెరికాలో 1979లోనే నిషేధించిరి. ఐనను, ఈ సరస్సులో పడిన నీటిబొట్టు బయటపడుటకు సగటున 191 సంవత్సరములు పట్టును. అంత స్వచ్ఛముగా కానవచ్చు నీరు ఏదియు త్వరగా మఱచిపోదు.

చేపలు మానుమని ఆ కాగితమున లేదు. శిశువు మెదడునకు చేప మేలే చేయును. చిన్న చేపలు మఱియు మేలు. మన నెత్తళ్లు, కవళ్లు ఆ కోవలోనివే. కాని సొరచేపలను గర్భిణులు, పాలిచ్చు తల్లులు తినరాదని అచ్చటి ప్రభుత్వపు సలహా. మన తీరమున బాలింతకు పాలు పడునని పాలసొర పెట్టుట ఆచారము. పాలసొర చిన్నదే, కాని జాతి సొరయే. మా పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టి తెచ్చిన ఎండు పాలసొర యున్నది. దానిని మరునాడు మాట్లాడక తీసి పాఱవేసితిమి.

ఆ సాయంకాలము చేప చర్మము ఒలిచి, కడుపు అంచునను వీపు మీదను ఉన్న క్రొవ్వు కోసివేసి, ఇంటినుండి తెచ్చిన చింతపండుతో పులుసు పెట్టితిమి. పట్టికలో చెప్పిన కొలత చొప్పున అమ్మాయికి ఒక చిన్న ముక్క, దండిగా పులుసన్నము. తక్కినది మేము తింటిమి. అమ్మాయి విస్తరిలో మఱియొక ముక్క వేయ చేయి పోయెను. మా అల్లుడు నదీముఖమున చేప నెట్లు విడిచెనో జ్ఞప్తికి రాగా, చేయి వెనుకకు తీసికొంటిమి.

జూను మాసమున మాకు మనుమరాలు కలిగెను. తిరుగు ప్రయాణమునకు ముందు బిడ్డ నెత్తుకొని ఒకసారి ఆ నదీముఖమునకు పోయితిమి. కఱ్ఱలు లేవు, గంటలు లేవు; చేపలు లోతునకు పోయినవి. మేము కఱ్ఱ పట్టిన దినమున చూచిన నీటిలో చాలభాగము ఈ బిడ్డ మనుమల నాటికిని అచ్చటనే యుండును. సోదరీమణులారా, బిడ్డకు ప్రేమతో పెట్టుట మనకెవరును నేర్పనక్కఱలేదు. ప్రేమతోనే చేయి ఆపుకొనుటను మేము ఇంత వయసున, అంత చలిలో నేర్చుకొని వచ్చితిమి.